బతికుండగా చదివించిన పేరు

చేతులకు తెల్లటి గుడ్డ తొడుగులు వేసుకోమంది మార్లీన్, ఊరి పాతవస్తువుల గది చూసుకునే పిల్ల. యాభై ఏళ్ళు గోధుమల్లో మునిగిన చేతులవి. గుప్పెడు తీసి పట్టుకుంటే తేమ ఎంతో, తాలు ఎంతో, ఏ మూల చేలో మంచు కాటేసిందో చెప్పేసిన చేతులు. వాటి చెమట తగిలితే పాత గుడ్డ చెడిపోతుందట. హరాసిమ్ డెరెన్యుక్ తొడుగులు వేసుకున్నాడు. లాభం లేనిచోట వాదన పెట్టుకోవడం అతనికి అలవాటు లేదు. ఎదురుగా బల్లమీద ఒక అట్టపెట్టె, ప్రయాణాలకు తీసుకెళ్ళే రకం, మూలలకు రేకు తాపడం, పిడికి దారంతో కట్టిన చీటీ. చీటీ మీద రెండే సంగతులున్నాయి. 1143 అనే అంకె, దాని కింద జోరియా స్టేషన్ అని ఈ ఊరి పేరు. "నాలుగింటికి వాళ్ళకు ఫోన్ చెయ్యాలి మామా. ఈలోగా మీరు నిదానంగా చూడండి. మీకు తెలియకపోతే ఈ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు," అని ఆమె లోపలిగదిలోకి వెళ్ళిపోయింది. గోడ గడియారం మూడు దాటి నాలుగు నిమిషాలు చూపిస్తోంది.

ఫోన్ ఎవరికో ఎందుకో వచ్చీరాగానే చెప్పింది. దక్షిణాన మూడు వందల మైళ్ళ అవతల పెద్దాసుపత్రి, మతి సరిగా లేనివాళ్ళనీ మూర్ఛలొచ్చేవాళ్ళనీ పెట్టేది, మూతపడి పదేళ్ళయింది. దాని వెనక గడ్డిలో పాతినవాళ్ళకు రాళ్ళున్నాయి గానీ రాళ్ళమీద పేర్లు లేవు, అంకెలే. ఏ అంకె ఎవరిదో రాసిన పుస్తకం నేలమాళిగలో నీళ్ళొచ్చి ముద్దయిపోయింది. ఇప్పుడెవరో పూనుకుని, పేరు తెలిసిన ప్రతి అంకెకూ కొత్త రాయి చెక్కిస్తున్నారు. అటకమీద మిగిలిన పెట్టెల్ని చీటీ మీద ఏ ఊరుంటే ఆ ఊరికి పంపారు, గుర్తుపట్టేవాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటారేమోనని. చెక్కేవాడికి జాబితా ఇవాళ వెళ్ళిపోతుంది. పేరు చెబితే 1143కు పేరుంటుంది, చెప్పకపోతే అంకె ఉంటుంది. బేరం అంతే. మూత తెరవకముందే హరాసిమ్‌కు తెలిసిపోయింది. తెరిచాక తెలియనట్టు ఉండడం ఎలాగా అన్నదే ఇప్పుడతని ఆలోచన.

మూలన గాలిలో చెమ్మ పీల్చే యంత్రం గుర్రుమంటోంది. తేమ పదమూడు పాళ్ళు దాటితే గోధుమ మగ్గిపోతుంది, కాగితానికి ఎంతో మరి. ఇది పూర్వం మునిసిపల్ ఆఫీసు కింద బొగ్గు పోసుకునే గది. ఇప్పుడు నాలుగు గోడలకూ అరలు, అరలనిండా ఇంటిపేర్లు రాసిన డబ్బాలు. ఎవరి తాతో పాతదేశం నుంచి ఓడెక్కిన టికెట్టు, ఎవరి అమ్మమ్మదో కత్తిరించిన జడ, పెళ్ళిలో నెత్తిన పెట్టుకున్న మైనపు పూల కిరీటం, చెక్క గరిటెలు, పసిబిడ్డ మొదటి బూటు. ఊరు ఊరంతా తన మచ్చు తెచ్చి ఇక్కడ పోసింది. మచ్చు సంగతి అతనికి తెలియనిదా. రైతు మచ్చుకు తెచ్చే గింజ ఎప్పుడూ మేలైనదే, రాత్రి దీపం దగ్గర కూర్చుని ఏరి తెచ్చినట్టు ఉంటుంది. బస్తా అడుక్కి మోచేతిదాకా చెయ్యి పోనిస్తే గానీ అసలు సంగతి బయటపడదు. ఈ డబ్బాల్లో మాత్రం ఏముంది? పెళ్ళాన్ని కొట్టిన బెల్టు ఎవడైనా తెచ్చిచ్చాడా? అన్నదమ్ములు ఒకళ్ళమీద ఒకళ్ళు వేసుకున్న దావా కాగితాలు ఇచ్చారా? అందరూ పొల్లు ఇంట్లోనే కాల్చేసుకుని గట్టిగింజ పట్టుకొచ్చారు. ఆ మాటకొస్తే అటు గోడమీద అతని బొమ్మే ఉంది, ధాన్యం గిడ్డంగి ముందు కాటా పక్కన, టోపీ వెనక్కి తోసుకుని నవ్వుతూ. ఆ రోజుల్లో బండ్ల వరసలో నిలబడి రైతులు అనుకునేవాళ్ళు, వినబడేట్టే, "ప్రభువే దిగొచ్చి రొట్టె ఇచ్చినా హరాసిమ్ ముందు ఇందులో తరుగెంత అంటాడ్రా" అని. అతనూ నవ్వేవాడు. తరుగు తీయకపోతే ఏది మట్టో ఏది గోధుమో తేలేదెలా. మట్టిని కూడా గోధుమ ధరకు కొన్నవాడు ఎన్నాళ్ళు కొట్టు నడుపుతాడు.

పెట్టెలో ఉన్నవి తక్కువే. పళ్ళు ఊడిన దువ్వెన. ఒకే ఒక్క ఉన్ని చేతితొడుగు. గీతల నోటుపుస్తకం. పలచటి కాగితంలో చుట్టిన ఒక చొక్కా చెయ్యి, ఒక్క చెయ్యే, దానికి చొక్కా లేదు. బుజం దగ్గర్నుంచి ముంజేతిదాకా నల్ల ఉన్నితో దట్టంగా కుట్టిన పని, వేలు పెడితే గుడ్డ కనబడనంత. ఆ నలుపు అమ్మ పుట్టిన ఊరి నలుపు. అమ్మ చొక్కా ఈ గదిలోనే ఉంది, రెండో అరలో, అతని భార్య పావ్లీనా తెచ్చిచ్చింది, అత్తగారి పెట్టె ఖాళీ చేస్తూ భర్తను మాటవరసకైనా అడగకుండా. రెండూ పక్కపక్కన పెట్టి చూసే మార్లీన్ అతనికి కబురుపెట్టింది. కాకపోతే అమ్మ కుట్టు వేరు, ఈ కుట్టు వేరు. ఇందులో ప్రతి ఆకు మొదట్లో ఒక ఎర్రపోగు ఉంది, ఉండకూడని పోగు. "నల్లది చాలదే నీకు? కన్ను పొడుచుకున్నట్టు మధ్యలో ఆ ఎరుపేంటే?" అని అమ్మ కసిరేది. "చీకట్లో కుట్టేటప్పుడు ఎక్కడ మొదలెట్టానో తెలియాలి కదమ్మా" అనేది చెల్లెలు వార్వారా. దారం తెంపిన చోట మళ్ళీ మొదలెట్టాలంటే గుర్తుండాలి. మూర్ఛ వచ్చి లేచాక తనెక్కడ ఉందో, చేతిలో పని ఏమిటో ఆ పిల్లకు కాసేపు తెలిసేది కాదు, ఎర్రపోగు వెతుక్కునేది. అది అమ్మకు తెలియదు. అతనికి తెలుసు. తెలిసినవన్నీ వాడుకోవాలనేముంది.

వార్వారా అతనికి మూడేళ్ళు చిన్న. పన్నెండో ఏట మొదటిసారి పడింది, బంగాళదుంపల సాళ్ళలో. నాన్న పోతూపోతూ నది పక్క నల్లమట్టి నూట అరవై ఎకరాలు ఆ పిల్ల పేర రాశాడు. రాళ్ళ నేల కొడుక్కి, నల్లమట్టి మూర్ఛపిల్లకు. "దాని చేతిలో నేలుంటే పడిపోయినప్పుడు ఎవడో ఒకడు లేపుతాడ్రా, నీకైతే పడేంత బలహీనం లేదు" అన్నాడు నాన్న, మెచ్చుకున్నట్టే అన్నాడు. లేపేవాడు వచ్చాడు కూడా. కమ్మరి తిమోఫి, పెళ్ళాం పోయినవాడు. కొలిమి ముందు నలుగురూ ఉండగా హరాసిమ్‌తోనే అన్నాడు, "నీ చెల్లెలు నెలకోసారి పడిపోతుంది, నేను శనివారం శనివారం పడిపోతాను. ఈడూజోడూ కుదిరినట్టేగా బావా." నలుగురూ నవ్వారు. బావా అన్నాడు, అప్పుడే. నల్లమట్టి ఒక తాగుబోతు కొలిమిలో పడి బూడిదవుతుందని హరాసిమ్ ఆ రాత్రి లెక్కకట్టాడు. తరవాత కోతల్లో నూర్పిడి యంత్రం తిప్పే తోలుపట్టా పక్కనే పడింది వార్వారా, జడ పట్టాలోకి పోవడానికి బెత్తెడు దూరం. తనే లాగాడు. భయపడ్డాడు, అబద్ధమేం కాదు. ఆ భయంతోనే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఇద్దరు డాక్టర్ల సంతకాలు, ఇంటి మగవాడి సంతకం ఒకటి. ఆ సంతకంలో చెల్లెలి ప్రాణం కోసం ఎంత, నల్లమట్టి కోసం ఎంత? ఎన్నిసార్లు జల్లెడపట్టాడో. కొన్నాళ్ళు చెరిసగం అనుకున్నాడు. పావ్లీనా పోయాక ఒంటరిగా వండుకుంటూ మళ్ళీ చూసుకుంటే పదింట ఏడుపాళ్ళు మట్టే తేలింది. ఊళ్ళో మాత్రం ఊపిరితిత్తుల ఆసుపత్రికి పంపామని చెప్పాడు. క్షయ అంటే జాలిపడతారు, పిచ్చాసుపత్రి అంటే వంశమంతా కదుపుతారు. తిమోఫి ఒకసారి కాటా దగ్గరికి వచ్చి ఎక్కడుందో చెప్పమన్నాడు, తాగి లేడు ఆ రోజు. అంటుజబ్బు, చూడనివ్వరు అన్నాడు హరాసిమ్. తిమోఫి కాటా పళ్ళెం మీద చెయ్యి ఆనించి, ముల్లు కదలడం చూసి వెళ్ళిపోయాడు.

నోటుపుస్తకం ఇంకా తెరవలేదు. అది మార్లీన్ చదవలేకపోయింది. "మీ పాతదేశం అక్షరాలు మా తరానికి రావు మామా. ఫాదర్ చదివిపెడతారు గానీ ఆయన శనివారం గానీ ఊళ్ళోకి రారు. కాస్త మీరే చూసి ఏముందో చెప్పండి," అంది. అంటే ఇందులో ఏముందో ఇవాళ్టికి అతనేం చెబితే అదే. ఇలాంటి అదను వ్యాపారంలో ఏడాదికోసారి వస్తుంది, కొనేవాడూ అమ్మేవాడూ తూచేవాడూ ఒకడే అయ్యే రోజు. వంటల లెక్క, ఏవో ప్రార్థనలు, అనొచ్చు. అనేసి లేస్తే ఇంటికి వెళ్ళేసరికి నాలుగున్నర. వచ్చే ఆదివారం సమాధుల దగ్గర ఫాదర్ పేర్లు చదువుతాడు, అతను రొట్టెతో నిలబడతాడు, ఎప్పట్లాగే.

ప్రతి వసంతం అమ్మ అడిగేది. ఈస్టర్ ముందు మొదలుపెట్టేది. "మంచు కరిగిందిగా, తీసుకెళ్ళరా హరాస్కో, ఒక్కసారి చూసొస్తాను." దారి బురద అనేవాడు. తరవాత విత్తనాలు అనేవాడు, తరవాత కోతలు, తరవాత మంచు. ఏడాదిలో తీరిక ఉన్న వారం ఒక్కటీ లేదు. అమ్మకు ఇంగ్లీషు రాదు, రైలు టికెట్టు అడగడం రాదు, కొడుకు తీసుకెళితేనే వెళ్ళడం. ఈలోగా సంరక్షకుడిగా సంతకం పెట్టి నల్లమట్టి అమ్మాడు, ఆ డబ్బుతో విత్తనాల కొట్టు లేచింది. 1957లో, ఫిబ్రవరిలో, ఆసుపత్రి నుంచి రమ్మని ఉత్తరం వచ్చింది. పోయిందేమో అనుకున్నాడు దారంతా. అలా అనుకున్నప్పుడు గుండెలో బరువు తగ్గినట్టనిపించింది, ఆ సంగతి ఇప్పుడు కాకపోతే ఎప్పుడు ఒప్పుకుంటాడు. పెద్ద డాక్టరు కుర్చీ చూపించాడు. కొత్త మాత్రలు బాగా పనిచేశాయి, రెండేళ్ళుగా ఒక్క మూర్ఛ లేదు, ఇంక ఇక్కడ ఉంచాల్సిన పనిలేదు, తీసుకెళ్ళండి అన్నాడు. మంచివార్త చెప్పేవాడి మొహంతో చెప్పాడు. నడవాలోంచి తీసుకెళ్ళి అద్దాల తలుపు అవతల చాకిరేవు గది చూపించాడు. ఆవిరిలో అయిదారుగురు ఆడవాళ్ళు దుప్పట్లు మడుస్తున్నారు. జుట్టు పొట్టిగా కత్తిరించారు గానీ కాస్త ఒళ్ళు చేసింది వార్వారా. ఎదురుగా ఉన్న ముసలామెకు మూలలు ఎలా కలపాలో చూపిస్తోంది, ఓపిగ్గా, మళ్ళీ మళ్ళీ. పిలవమంటారా అన్నాడు డాక్టరు. వద్దన్నాడు హరాసిమ్. దారులు బాగుపడ్డాక వస్తాను, ఇల్లు సర్దాలి, మా అమ్మకు నిదానంగా చెప్పాలి. ఎందుకో వార్వారా అటు తలెత్తినట్టనిపించింది. అతను తలుపు చాటుకు జరిగాడు. చూసిందా, చూడలేదా? నలభై తొమ్మిదేళ్ళుగా ఆ గింజ పంటికింద అలాగే ఉంది, నలగదు, ఉమ్మేయడానికి రాదు.

తీసుకొస్తే ఏమవుతుంది? రైల్లో అదే ఆలోచన. దిగీదిగగానే నా నేల ఏదన్నా అంటుంది. అనకపోయినా తిమోఫి అనిపిస్తాడు, కోర్టుకు లాగుతాడు, కొట్టు పోతుంది, పావ్లీనా కడుపుతో ఉంది. మూడో స్టేషన్ దాటేసరికి మాట తయారైంది. అబద్ధానికి కూడా తేమ చూసుకోవాలి, మరీ పొడిగా ఉంటే చిట్లుతుంది, మరీ తడిగా ఉంటే మొలకెత్తుతుంది. ఇల్లు చేరేసరికి అమ్మ వంటింట్లో బాతు ఈకలు దూస్తోంది, దిండ్లకు. ఒళ్ళంతా తెల్లటి నూగు. నిమ్ము చేసింది, వెళ్ళేసరికి అయిపోయింది, నేల గడ్డకట్టింది గనక అక్కడే పెట్టేశారు అని చెప్పాడు. అమ్మ ఏడవలేదు. ఈకలు దూయడం ఆపనూ లేదు. ఇంకో గుప్పెడు దూసి, "తలకు కిరీటం పెట్టారా?" అంది. పెళ్ళికాని పిల్ల పోతే పెళ్ళికూతురిలా పచ్చటి తీగ కిరీటం పెట్టి పంపాలి, లేకపోతే అక్కడా ఒంటరే. పెట్టారమ్మా అన్నాడు. "ఫిబ్రవరిలో పచ్చతీగ ఎక్కడ దొరికింది?" అంది అమ్మ. ఆ ఒక్కటీ అతను చూసుకోలేదు. "మైనపు కాగితంతో చేశారు, నర్సులు." అమ్మ తలెత్తి చూసింది. ఆ చూపు అతనికి తెలుసు, కాటా ముందు రైతులు చూసే చూపు, ముల్లు అబద్ధమని తెలిసీ నోరెత్తలేనివాళ్ళది. "నర్సులు మంచివాళ్ళే" అంది చివరికి. మళ్ళీ ఎన్నడూ తీసుకెళ్ళమని అడగలేదు. సమాధైనా చూస్తాననలేదు. ఏ తల్లైనా అడగదా ఆ మాట?

ఆ ఈస్టర్‌కు చర్చిలో పాటలు పాడే ఆయన చేత ఇంటి పుస్తకంలో పేరు రాయించింది. ప్రతి ఇంటికీ ఉంటుంది ఆ పుస్తకం, ఒక సగం బతికున్నవాళ్ళ పేర్లు, ఒక సగం పోయినవాళ్ళవి. బతికున్న సగంలో వార్వారా పేరు గీత పెట్టి కొట్టేసి, రెండో సగంలో నాన్న కింద రాసి, పక్కన సంవత్సరం వేశారు. ఈస్టర్ తరవాతి ఆదివారం ఆ పుస్తకం ఫాదర్ చేతికిస్తే సమాధుల దగ్గర పోయినవాళ్ళ పేర్లు బిగ్గరగా చదువుతాడు, ఇంటివాళ్ళు రొట్టె పట్టుకుని తల వంచుకుంటారు. వార్వారా దుప్పట్లు మడుస్తూ ఉండగా ఇక్కడ ఆమె ఆత్మకు శాంతి పాడారు. అమ్మ జడలా అల్లిన రొట్టె కాల్చి తెచ్చేది, పదిహేడేళ్ళు. అమ్మ పోయాక పావ్లీనా తెచ్చింది, ఆడబిడ్డ మొహం ఎరగని పావ్లీనా. చదువుతుంటే మొదట్లో అతని చెవులు కాలేవి. తరవాత అలవాటైంది. ఒకే పేరు ఏటేటా మృతుల్లో చదివితే ఆ మనిషి నిజంగానే పోయినట్టు ఉంటుంది. అమ్మ తన పక్కన పిల్లకు చోటు ఉంచమంది. ఆ చోట ఇప్పుడు పావ్లీనా ఉంది. పావ్లీనా రాయిమీద తన పేరు కూడా చెక్కించేశాడు, రెండోసారి చెక్కేవాణ్ణి పిలవడం దండగని. పుట్టిన సంవత్సరం, పక్కన గీత, తరవాత ఖాళీ. బతికున్న అతనికి రాయిమీద పేరుంది.

1991లో ఇంకో ఉత్తరం వచ్చింది. ఆవాల పంట దింపుతున్న రోజు, కొట్టు ముందు లారీలు. 1143, నిద్రలో పోయింది, దేహం కావాలంటే పదిరోజుల్లో తెలపాలి. ఏం ఉత్తరం అంది పావ్లీనా. విత్తనాల ప్రకటన అని పొయ్యిలో పెట్టాడు. అరవై రెండేళ్ళు బతికింది. అందులో నలభై ఒకటి అక్కడే. బాగుపడ్డాక ముప్పై నాలుగు.

మూడు నలభై. లోపల మార్లీన్ ఏవో డబ్బాలు జరుపుతోంది. హరాసిమ్ నోటుపుస్తకం తెరిచాడు. తొడుగుల్లోంచి కాగితం అంచు అందలేదు. అందక, కుడిచేతి తొడుగు తీసేశాడు. వంటల లెక్కలు లేవు, ప్రార్థనలు లేవు. ప్రతి పేజీకీ మధ్యన గీత, పైన సంవత్సరం. ఎడమ సగంలో బతికున్నవాళ్ళు, కుడి సగంలో పోయినవాళ్ళు. ఇంటి పుస్తకం తన దగ్గర లేదు గనక ఏటేటా ఈస్టర్‌కు తనే రాసుకుంది. కుడివైపు నాన్న, ఆ తరవాత ఏళ్ళు గడిచేకొద్దీ వార్డులో పోయినవాళ్ళ పేర్లు, తెలియనివాళ్ళవి, ఇంగ్లీషు పేర్లు తమ అక్షరాల్లో రాసుకున్నవి. ఎడమవైపు ప్రతి పేజీలోనూ అవే మూడు పేర్లు. అమ్మ, ఒక్సేనియా. అన్న, హరాసిమ్. తిమోఫి. 1974 దాటింది. అమ్మ ఎడమవైపే ఉంది. 1980లో తిమోఫిని అతనే మోశాడు, శవపెట్టె ముందువైపు పట్టుకుని. ఇక్కడ ఎడమవైపే ఉన్నాడు. ఆఖరి పేజీ 1991, అక్షరాలు వంకరపోయాయి. ఒక్సేనియా, హరాసిమ్, తిమోఫి. ముప్పై నాలుగేళ్ళు తల్లి కూతుర్ని చచ్చినవాళ్ళలో చదివించింది, చివరి సగం తను పోయాక కోడలి చేత. కూతురు తల్లిని, పోయిన పదిహేడేళ్ళ తరవాత కూడా, బతికున్నవాళ్ళలో రాసుకుంది. రెండు పుస్తకాల్లోనూ బతికున్న సగంలో సరిగ్గా ఉన్న పేరు ఒక్కటే. అది అతనిది.

మార్లీన్ టైపు చేసిన కాగితమొకటి పట్టుకుని వచ్చింది. తొడుగు లేని చెయ్యి చూసింది. "అనవసరంగా మిమ్మల్ని మెట్లు దింపించాను మామా, ఏమనుకోకండి," అంది. "ఆ చొక్కా చెయ్యి చూసి మీ వార్వారా అత్తయ్యేమో అని ఆశపడ్డాను. ఇప్పుడు మీ ఇంటి పుస్తకం తీసి చూశాను, ఫాదర్ చదివి టైపు చేయించిందే. మీ చెల్లెలు యాభై ఏడులోనే ఊపిరితిత్తుల ఆసుపత్రిలో పోయింది కదా. ఈ పెట్టె మనిషి, నోటుపుస్తకంలో అంకెల్ని బట్టి, తొంభై ఒకటిదాకా ఉంది. పొంతన కుదరదు. మా నాన్న అనేవాడు, హరాసిమ్ కొరికి చూడకుండా గింజ నమ్మడని. నేనే కొరక్కుండా నమ్మేశాను." నవ్వింది. గుర్తు తెలియదని రాసి పంపించేస్తానంది.

తప్పించుకునే తలుపు దానంతటదే తెరుచుకుంది. తను విత్తిన అబద్ధమే, నలభై తొమ్మిదేళ్ళకు పండి, గుమ్మంలో నిలబడి వెళ్ళు వెళ్ళు అంటోంది. ఇంత చవగ్గా దేన్నీ వదిలించుకోలేదు జీవితంలో. లేవడానికి కర్ర అందుకున్నాడు. లేవలేదు. అది వార్వారానే అని తన గొంతు అనడం విన్నాడు.

మార్లీన్ అతని పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ముసలివాళ్ళతో మాట్లాడే మెత్తటి గొంతుతో, ఎవరో దిక్కులేని మనిషికి మీ చెల్లెలి పేరు ఇద్దామనుకుంటున్నారు, అది మీ మంచితనం, కానీ పుస్తకం ఒకటి చెబుతుంటే నేను ఇంకొకటి రాయలేను కదా అంది. అతని చేతిమీద చెయ్యి వేసింది. ఎనభై ఏళ్ళలో మొదటిసారి తరుగు లేని మాట ఒకటి తెచ్చి పళ్ళెంలో పెడితే, ఈ పిల్ల దాన్ని దానం అనుకుంటోంది. ఇక్కడ ఆగితే కూడా చాలు. అలాగేనమ్మా నీ ఇష్టం అంటే, రేపటికి ఊళ్ళో హరాసిమ్ ఎంత దయగలవాడో చెప్పుకుంటారు. ఆ బేరం కూడా బాగానే ఉంది. అన్నిటికన్నా బాగుంది. అతను నోటుపుస్తకం ఆఖరి పేజీ ఆమె ముందుకు తిప్పి, వేలుపెట్టి చదివాడు. ఇది సంవత్సరం, తొంభై ఒకటి. ఇటు బతికున్నవాళ్ళు. ఒక్సేనియా, మా అమ్మ. హరాసిమ్, నేను. తిమోఫి, కమ్మరి.

మార్లీన్ వేళ్ళమీద లెక్కేసుకుంది. "కానీ బామ్మ డెబ్భై నాలుగులో పోయింది కదా."

"దానికెవరూ చెప్పలేదు."

ఆమె కాగితం వైపు, పుస్తకం వైపు, మళ్ళీ కాగితం వైపు చూసింది. పేపర్లు సరిపోల్చడమే ఆ పిల్ల పని, ఆ పనిలో దిట్ట. మొహంలో నెమ్మదిగా అర్థం కావడం అతను చూశాడు, పారిపోకుండా చూశాడు.

"మరి ఈవిడ పోయిందని బామ్మకు ఎవరు చెప్పారు?"

"నేను చెప్పాను. బాగుపడింది తీసుకెళ్ళమన్నారు. వచ్చి అమ్మకు పోయిందని చెప్పాను."

ఎందుకు అని అడుగుతుందనుకున్నాడు. అడిగితే యంత్రం పట్టా, జడ, తిమోఫి తాగుడు, కడుపుతో ఉన్న పావ్లీనా, అన్నీ వరసగా పెట్టుకుని ఉన్నాడు. మార్లీన్ అడగలేదు. అతని చేతిమీదున్న తన చెయ్యి తీసుకుంది. లేచి వెళ్ళి ఒక ఫారం తెచ్చింది, ఈసారి బల్లకు అటువైపు కూర్చుంది. "పూర్తి పేరు చెప్పండి డెరెన్యుక్ గారూ," అంది. చెప్పాడు. పుట్టిన తేదీ అడిగింది. ఇరవై తొమ్మిదో సంవత్సరం, రై ధాన్యం కోస్తున్నప్పుడు, అంతవరకే తెలుసు. ఏ ఏడు ఏ రకం గోధుమ ఎంత పలికిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. సంవత్సరం ఒక్కటే రాసుకుంది. రాయి అడుగున ఇంకో వరసకు చోటుంటుందట, ఎవరు గుర్తుపెట్టుకుని చెక్కించారు అన్నది. ఆ గడి దగ్గర ఆమె కలం ఒక్క క్షణం ఆగింది. అతను ఏదో అనబోయాడు. ఆమె అడ్డంగా గీత గీసింది.

నాలుగుకు రెండు నిమిషాలుందనగా ఫోన్ చేసింది. అంకె చెప్పింది, పేరు చెప్పింది, అవతల మనిషికి వినబడలేదేమో మళ్ళీ చెప్పింది, వార్వారా, వార్వారా డెరెన్యుక్. ఈ గదిలో ఆ పేరు బతికున్న మనిషి పేరులాగే పలికింది. అవతలి గొంతు ఏదో అడిగింది. మార్లీన్ తలెత్తి హరాసిమ్ మొహంలోకి సూటిగా చూసింది. చూస్తూనే ఫోన్లో జవాబిచ్చింది.

"లేదండి. కుటుంబం ఎవరూ లేరు."